వెనక పేరు రాయని ఫొటో

తెలుగు ఇళ్లలో ఒక మనిషి ఫొటో ఎంత అవసరమో తెలిసివచ్చేది చాలావరకు ఆ మనిషి పోయిన తర్వాతి పది పన్నెండు రోజుల్లోనే. పెద్దకర్మ నాటికి పటం కట్టించి, బొట్టు పెట్టి, పూలదండ వేసి, ముందు దీపం వెలిగించాలి కాబట్టి ఇంటిల్లిపాదీ బీరువాలూ ట్రంకుపెట్టెలూ సెల్‌ఫోన్లూ వెతకడం మొదలుపెడతారు. తీరా చూస్తే దొరికేది ఆధార్ కార్డు మీది మసక బొమ్మో, బ్యాంకు పాసుపుస్తకానికి అంటించిన పాస్‌పోర్టు సైజు ఫొటోనో, ఎవరి పెళ్లిలోనో వెనక వరుసలో సగం కనిపించిన ముఖమో అవుతుంది. ఆ ముఖాన్ని స్టూడియోవాళ్లు గుంపులోంచి వేరుచేసి, పక్కన నిలబడ్డవారి భుజాన్ని చెరిపి, మెడ కింద మరెవరిదో చొక్కానో చీరనో అతికించి, వెనక నీలం రంగు వేసి, పెద్దది చేసి ఇస్తారు. పిల్లల్ని పెంచి, పొలం చేసి, వందలమందికి వండి వడ్డించి డెబ్బై ఏళ్లు బతికిన మనిషికి రాబోయే తరాలు ఎరిగే రూపం అదొక్కటే అవుతుంది. ఎన్నడూ తొడుక్కోని చొక్కాలో, ఎన్నడూ కూర్చోని చోట, బిగదీసుకున్న ముఖంతో ఆ మనిషి మనవల పిల్లలకు పరిచయమవుతాడు.

ఇది ప్రేమ లేక జరిగే పొరపాటు కాదు. రోజూ కళ్లెదుట తిరుగుతున్న ముఖం ఎప్పటికైనా మసకబారుతుందన్న అనుమానం ఎవరికీ కలగదు. కలిగినా, పైకి అనడం అశుభమని ఊరుకుంటారు. అయితే జ్ఞాపకం పనిచేసే తీరు ఆ ధీమాకు తగినట్టు ఉండదు. మనస్తత్వశాస్త్రం ఈ విషయంలో రెండు పనులను వేరుచేసి చూస్తుంది: ఎదురుగా ఉన్నదాన్ని చూసి ఇది ఫలానా అని గుర్తుపట్టడం ఒకటి, ఎదురుగా లేనిదాన్ని మనసులోకి తెచ్చుకోవడం మరొకటి. ముఖాల విషయంలో మొదటి పని మనుషులకు అలవోకగా సాగుతుంది. ఎన్నో ఏళ్ల తర్వాత బస్టాండులో ఎదురైన చిన్ననాటి స్నేహితుణ్ని సైతం పోల్చుకోగలుగుతారు. రెండో పని అంత తేలిక కాదు. కళ్లు మూసుకొని తల్లి ముఖం తలచుకోమంటే ఆమె దగ్గర ఉన్నప్పటి నిబ్బరం తోస్తుంది గాని, కనుబొమల తీరు, పలువరుస, చెంప మీది మచ్చ ఏ పక్కన ఉండేదన్న సంగతి అంత స్పష్టంగా తోచవు. చూపడానికి ఆధారమంటూ ఒకటి ఉంటే గుర్తుపట్టే శక్తి మేల్కొంటుంది, లేకపోతే ఆ శక్తి ఉండి కూడా పనికిరాకుండా పోతుంది. ఫొటో చేసే మొదటి ఉపకారం ఇదే: మనసులో ఇంకా మిగిలి ఉన్నదాన్ని అది పైకి రప్పిస్తుంది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన గ్రంథంలో, జ్ఞాపకం చేసుకోవడమంటే దాచిన వస్తువును దాచినట్టే తిరిగి తీయడం కాదనీ, తలచుకున్న ప్రతిసారీ మనసు మిగిలిన ఆనవాళ్లతో దాన్ని కొత్తగా కట్టుకుంటుందనీ ప్రయోగాలతో వివరించాడు. ఒక ఇంట్లో చనిపోయిన తాత గురించి పదేపదే చెప్పుకునే రెండు మూడు సంగతులు మాత్రమే నిలిచి, చెప్పుకోనివన్నీ కరిగిపోవడం, నిలిచినవి కూడా చెప్పేకొద్దీ కొద్దికొద్దిగా మారుతూ రావడం ఇందువల్లనే. ఇలా సాగే కట్టడానికి ఫొటో ఒక కొలతగా ఉపయోగపడుతుంది. తాత మీసం పెంచేవాడా లేదా, అమ్మమ్మ ముక్కుపుడక కుడివైపు ఉండేదా ఎడమవైపు ఉండేదా, పాత ఇంటి అరుగు మీద ఉన్నవి రాతి స్తంభాలా కర్ర స్తంభాలా అన్న చర్చ వచ్చినప్పుడు, తలా ఒక మాట చెప్పే అన్నదమ్ముల మధ్య తీర్పు చెప్పగలది అదొక్కటే.

ఫొటో తీయడం కనిపెట్టిన తొలి రోజుల నుంచే జనం దాన్ని ఎందుకు కోరుకున్నారో చూస్తే ఈ అవసరం ఎంత పాతదో తెలుస్తుంది. లూయీ డాగేర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని 1839 ఆగస్టు 19న ప్యారిస్‌లో బహిరంగపరిచారు. వెండి పూత పూసిన రాగి రేకును అయోడిన్ ఆవిరికి పట్టి, కెమెరాలో పెట్టి వెలుతురు చూపి, ఆపైన పాదరసపు ఆవిరితో బొమ్మను పైకి తేల్చే ఆ పద్ధతిలో మొదట్లో నిమిషాల తరబడి కదలకుండా ఉండవలసి వచ్చేది. మెరుగైన కటకాలు, రసాయనాలు వచ్చాక మరి రెండు మూడేళ్లలోనే ఆ వ్యవధి నిమిషం లోపుకు దిగింది. అయినా తల కదలకుండా వెనక నుంచి ఇనుప ఊత పెట్టేవారు. అంత ఇబ్బంది పడి కూడా జనం స్టూడియోలకు బారులు తీరడానికి కారణం, అంతవరకు చిత్రకారుడికి డబ్బిచ్చుకోగల సంపన్నులకే దక్కిన సొంత రూపం సామాన్యుడి చేతికి అందడమే. పసిపిల్లల మరణాలు సర్వసాధారణంగా ఉన్న ఆ కాలంలో ఐరోపా, అమెరికా దేశాల్లో చనిపోయిన బిడ్డను నిద్రపోతున్నట్టు పడుకోబెట్టి, లేదా తల్లి ఒడిలో ఉంచి ఫొటో తీయించుకునే ఆచారం బాగా వ్యాపించింది. ఈనాటివారికి అది గగుర్పాటు కలిగిస్తుంది. బిడ్డ బతికి ఉండగా ఒక్క బొమ్మ కూడా తీయించలేకపోయిన తల్లిదండ్రులకు మిగిలిన ఆఖరి అవకాశం అదేనని గ్రహిస్తే, పెద్దకర్మకు ముందు తెలుగు ఇళ్లలో జరిగే వెతుకులాటకు అది ఎంత దగ్గరి బంధువో అర్థమవుతుంది.

హైదరాబాదులో ఈ కోరిక ఘోషాను దాటి మరీ తన దారి వెతుక్కుంది. 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో పుట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పేరు గడించిన రాజా దీన్ దయాళ్ 1892లో ఇక్కడ ఒక జెనానా స్టూడియో తెరిచాడు. జెనానా అంటే అంతఃపురం. పరాయి మగవారి కంట పడని స్త్రీల కోసమే ఏర్పాటైన ఆ స్టూడియో చుట్టూ ఎత్తైన గోడలు ఉండేవి, లోపల పనివారందరూ ఆడవారే, నిర్వహణ కెనీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ చేతిలో ఉండేది. వీధిలోకి ముఖం చూపకూడదన్న కట్టుబాటు ఉన్న ఇళ్లు కూడా కూతురి రూపాన్ని, కోడలి రూపాన్ని నిలుపుకోవడానికి ఇంత ఏర్పాటును స్వాగతించాయంటే, ఆ రూపం ఇంటివారి కోసమేనన్న నమ్మకం కుదిరినందువల్లే. దీన్ దయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

ప్రేమతో తీసిన ఫొటోలే జ్ఞాపకాలుగా మిగులుతాయనుకుంటే అదీ పూర్తి నిజం కాదు. తెలుగువారికి నేరుగా సంబంధించిన ఒక ఉదాహరణ మారిషస్‌లో ఉంది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద 1834 నుంచి ఆ దీవికి వెళ్లిన లక్షలాది భారతీయుల్లో తెలుగువారు కూడా ఉన్నారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు. ఒప్పందం గడువు ముగిసినవారు ఎక్కడికి పోతున్నారో కనిపెట్టడానికి అక్కడి ప్రభుత్వం 1867లో ఒక చట్టం చేసి, అలాంటి ప్రతివారూ తమ ఫొటో అంటించిన టికెట్టును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలనీ, లేనివారిని దిమ్మరులుగా పట్టుకోవచ్చనీ శాసించింది. ఆ టికెట్ల బాధ మీద, మరెన్నో కష్టాల మీద 1871లో 9 వేలమందికి పైగా కూలీలు గవర్నరుకు మహజరు పెట్టుకున్నారు. అవమానకరంగా, అదుపు కోసం తీసిన ఆ ఫొటోలు ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచిన వలస దస్త్రాల్లో భాగం. ఆనాటి కూలీల వారసులు అక్కడికి వెళ్లి, ఓడ దిగిన తమ ముత్తాత వివరాలను వెతికించుకుంటారు. అదృష్టముంటే ఆ వివరాల పక్కన ముఖం కూడా దొరుకుతుంది. తీసినవాడికి ఆ ముఖం మీద అక్కర లేదు, తీయించుకున్నవాడికి అది శిక్షతో సమానం, అయినా ఇన్ని తరాల తర్వాత ఆ కుటుంబానికి అంతకుమించిన ఆస్తి లేదు. ఇందులో గమనించవలసింది మరొకటి ఉంది: ఆ ఫొటోలు ఈనాడు ఉపయోగపడుతున్నది వాటికి ఒక నంబరూ, ఆ నంబరుకు ఎదురుగా పేరూ, తండ్రి పేరూ, ఊరూ రాసిపెట్టి ఉండటం వల్ల. పర్యవేక్షణ కోసం గుమాస్తా పాటించిన ఆ క్రమం ప్రేమగల కుటుంబాలు తమ ఆల్బముల విషయంలో పాటించడం అరుదు.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగునాట ప్రతి చిన్న పట్టణంలోనూ స్టూడియోలు వెలిశాయి. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందన్న భయం, ముగ్గురు కలిసి దిగకూడదన్న పట్టింపు, పసిబిడ్డకు దిష్టి తగులుతుందన్న జంకు ఒకపక్క ఉన్నా, పెళ్లికీ ఓణీల వేడుకకీ షష్టిపూర్తికీ స్టూడియోకు వెళ్లిరావడం వేడుకలో భాగమైంది. మేడమెట్లో, పూలతోటో, సరస్సో చిత్రించిన తెర, దాని ముందు పొడవాటి స్టూలు మీద కాగితపు పూలకుండీ, మూలన గోడకు అద్దమూ దువ్వెనా పౌడరు డబ్బా, నల్లగుడ్డ కప్పుకొని తల దూర్చే కెమెరామేనూ ఆ కాలపువారికి బాగా తెలిసిన దృశ్యం. వాటన్నిటిలో తెలుగు ఇళ్లకు ప్రత్యేకమైనది పూలజడ ఫొటో. మల్లెల కాలంలో ఆడపిల్ల జడ మొదలు నుంచి చివరి దాకా మల్లెమొగ్గలతోనో మొగలిరేకులతోనో కుట్టి, ఆ అలంకారం వాడిపోకముందే స్టూడియోకు తీసుకువెళ్లేవారు. ముఖం కనపడాలి, వీపు మీది జడా కనపడాలి కాబట్టి అమ్మాయి వెనక నిలువుటద్దం పెట్టి, కాస్త ఓరగా నిలబెట్టి తీసేవారు; ముందు పదేళ్ల ముఖం, అద్దంలో పూలజడ, ఒక్కోసారి ఆ అద్దం అంచున, ఫొటోలోకి రావాలన్న ఉద్దేశం లేకుండా నిలబడి చూస్తున్న తల్లి చీరచెంగు. కుట్టడానికి మధ్యాహ్నమంతా పట్టిన జడ రాత్రికి వాడిపోతుందని తెలిసి, దాన్ని నిలబెట్టడానికి పడిన ఆ తాపత్రయంలో ఫొటో విలువ మొత్తం ఇమిడి ఉంది.

1960ల తర్వాత అగ్ఫా క్లిక్ 3 వంటి చౌక పెట్టెకెమెరాలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. ఒక రీలుకు పన్నెండు ఫొటోలు. రీలు కొనాలి, కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. అంత ఖర్చుతో కూడిన పని కాబట్టి తీసేది పండగనాడో, బంధువులు వచ్చిననాడో, తిరుపతి కొండ మీదనో. అందువల్ల ఆనాటి ఆల్బములు తిరగేస్తే, ఆ కుటుంబం ఏడాది పొడుగునా పట్టుచీరలు కట్టుకొని వరుసగా నిలబడి ఉండేదేమో అనిపిస్తుంది. రుబ్బురోలు ముందు కూర్చున్న అమ్మ, చుట్ట కాలుస్తూ పేపరు చదివే తాత, వీధరుగు మీద పచ్చీసు ఆడే పిల్లలు, గేదెకు కుడితి పెట్టే మేనత్త వాటిలో ఉండరు. ఇల్లు నడిపిన ఆడవారి విషయంలో ఈ వెలితి మరీ ఎక్కువ. వేడుక జరుగుతున్నంతసేపూ వంటింట్లో ఉన్న మనిషి ఆ వేడుక ఫొటోలో ఎలా ఉంటుంది? ఇప్పుడు రీలు ఖర్చు లేదు, ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది, అయినా అలవాటు పెద్దగా మారలేదు. పుట్టినరోజు కేకు ముందు వందల ఫొటోలు ఉంటాయి గాని, మామూలు మంగళవారం నాడు నాన్న స్కూటరు తుడుచుకుంటున్న ఫొటో ఒక్కటీ ఉండదు. కాలం గడిచాక మనసు వెతుక్కునేది మాత్రం ఆ మంగళవారాన్నే.

దూరదేశాల్లో ఉన్న కుటుంబాల సంగతి ఇంకొక రకం. నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు, అమెరికాలో స్థిరపడినవారు ఇంటివారితో రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటారు. ముఖం రోజూ కనిపిస్తోంది కాబట్టి ఫొటో అవసరమన్న తలంపే రాదు. కాల్ ముగియగానే ఆ ముఖంలో ఏదీ మిగలదన్నది గుర్తుకొచ్చేసరికి ఆలస్యమైపోతుంది. వేల గంటలు చూసుకున్న అమ్మమ్మకూ మనవడికీ కలిపి ఒక మంచి ఫొటో లేకపోవడం ఈ కాలపు విచిత్రమైన లోటు.

ఒక ఫొటోకు ప్రాణం పోసేది ఏమిటన్న ప్రశ్నకు ఫ్రెంచి రచయిత రోలాన్ బార్త్ ఒక పుస్తకమే రాశాడు. 1977లో తల్లి చనిపోయాక ఆయన ఆమె ఫొటోలన్నీ ముందేసుకొని చూస్తూ, ఏ ఒక్కదానిలోనూ తనకు తెలిసిన తల్లి దొరకక, చివరకు 1898లో ఆమె అయిదేళ్ల పిల్లగా అన్నతో కలిసి దిగిన ఒక పాత ఫొటోలో ఆమెను కనుక్కున్నాడు. తాను పుట్టకముందటి, తానెన్నడూ ఎరగని ఆ పసిముఖంలో తల్లి స్వభావం కనిపించిందని 1980లో వెలువడిన 'కెమెరా లూసిడా'లో వివరించాడు. పుస్తకంలో ఎన్నో ఫొటోలు అచ్చువేసినా ఆ ఒక్కటి మాత్రం వేయలేదు. ఇతరులకు అది ఒక మామూలు పాత ఫొటో మాత్రమే అవుతుందన్నది ఆయన చెప్పిన కారణం. అంటే ఫొటోలో సగం కాగితం మీద ఉంటే, తక్కిన సగం దాన్ని చూసే మనిషిలో ఉంటుంది. ఆ రెండో సగాన్ని ఎవరికైనా చెప్పకుండా, ఎక్కడా రాయకుండా వదిలేస్తే, ఆ మనిషితోపాటే పోతుంది.

ఫొటో తీసినంతమాత్రాన జ్ఞాపకం బలపడుతుందన్న నమ్మకాన్ని పరిశోధకులు పరీక్షకు పెట్టకపోలేదు. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ చేసిన అధ్యయనంలో, విద్యార్థులను ఒక మ్యూజియం చుట్టూ తిప్పి కొన్ని వస్తువులను ఫొటో తీయమనీ, కొన్నింటిని ఊరికే చూడమనీ చెప్పారు. మర్నాడు పరీక్షిస్తే ఫొటో తీసినవాటికన్నా చూసి వదిలినవే ఎక్కువగా గుర్తున్నాయి. 2014లో అచ్చైన ఈ ఫలితాన్ని పట్టుకొని ఫొటోలు జ్ఞాపకశక్తికి శత్రువులని చాలామంది ప్రచారం చేశారు గాని, అదే అధ్యయనంలో వస్తువు తాలూకు ఏదో ఒక భాగాన్ని దగ్గరికి లాగి జాగ్రత్తగా తీసినవారికి జ్ఞాపకం తగ్గలేదన్న సంగతిని పట్టించుకున్నవారు తక్కువ. 2017లో మరికొందరు పరిశోధకులు, ఏది తీయాలో తామే ఎంచుకొని ఫొటోలు తీసినవారికి కంటితో చూసినవి బాగానే గుర్తుంటాయనీ, చెవిన పడినవి మాత్రం తగ్గుతాయనీ కనుగొన్నారు. మొత్తం మీద తేలేదేమంటే, కెమెరాకు అప్పగించి చూడటం మానేస్తే నష్టం, చూడటానికే కెమెరాను వాడితే నష్టం లేదు. బామ్మ చేతుల మీది ముడతలను, కాశీ నుంచి తెచ్చుకొని ఆమె రోజూ పట్టుకునే రాగిచెంబును ఎంచుకొని తీసిన మనిషి ఆమెను అంతకుముందుకన్నా శ్రద్ధగా చూసి ఉంటాడు. అయితే ఆ సమయంలో ఆమె ఏదైనా చెబుతుంటే కెమెరా పక్కన పెట్టి వినడం మేలు.

ఇంతకన్నా జాగ్రత్తపడవలసిన విషయం మరొకటుంది. న్యూజిలాండ్‌లో కింబర్లీ వేడ్, ఆమె సహచరులు 2002లో ప్రకటించిన ప్రయోగంలో, ఇరవైమంది పెద్దవాళ్లకు వారి చిన్ననాటి ఫొటోలతోపాటు, వేడిగాలి బెలూనులో ప్రయాణిస్తున్నట్టు కృత్రిమంగా తయారుచేసిన ఫొటో ఒకటి చూపించారు. మూడుసార్లు మాట్లాడేసరికి వారిలో సగంమంది ఎన్నడూ జరగని ఆ ప్రయాణాన్ని కొంతైనా గుర్తున్నట్టు, ఆ సగంలో కొందరైతే వివరాలతో సహా చెప్పారు. ఫొటోను మనసు అంత గట్టిగా నమ్ముతుంది. పాత నలుపు తెలుపు ఫొటోకు రంగులద్ది, ముడతలు చెరిపి, చనిపోయినవారు నవ్వి తల తిప్పినట్టు కదిలించే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. ఆ ముఖం మీది నవ్వు, చీర మీది రంగు యంత్రం ఊహించినవి. వాటిని ఇష్టంతో చూసుకోవడంలో తప్పులేదు గాని, అసలు ఫొటోను దాని పగుళ్లతో, మరకలతో విడిగా ఉంచకపోతే, పది పదిహేనేళ్లలో ఆ ఇంటి పిల్లలకు నానమ్మ చీర ఆ యంత్రం చెప్పిన రంగుదే అవుతుంది.

ఫొటో కోల్పోవడమంటే ఏమిటో లోకానికి స్పష్టంగా చూపిన సంఘటన 2011 మార్చి 11న జపాన్ ఈశాన్య తీరాన్ని ముంచెత్తిన సునామీ. ఇళ్లు కొట్టుకుపోయిన ఊళ్లలో శిథిలాలు తొలగిస్తున్న సైనికులు, అగ్నిమాపక సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు బురదలో దొరికిన ఆల్బములను పారేయకుండా పక్కకు తీసిపెట్టసాగారు. మియాగి రాష్ట్రంలోని యమమోతో అనే చిన్న పట్టణం ఒక్కదానిలోనే ఇలా 7,50,000 దాకా ఫొటోలు పోగయ్యాయి. వాటిని కాపాడటంలో ఒక చిక్కు ఉంది. ఫొటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచే పొర జెలటిన్‌తో, అంటే పశువుల ఎముకల నుంచీ తోళ్ల నుంచీ తీసే మాంసకృత్తితో చేసినది; తడిసి మురికిపట్టగానే సూక్ష్మజీవులు ఆ పొరను తినడం మొదలుపెడతాయి, రోజులు గడిచేకొద్దీ అంచుల నుంచి రంగులు కరిగి లోపలికి పాకుతాయి. అందుకే కార్యకర్తలు వాటిని ఒక్కొక్కటిగా చల్లని నీటిలో మెత్తగా కడిగి, తీగల మీద క్లిప్పులతో ఆరబెట్టి, స్కాన్ చేసి, సొంతదారులు వచ్చి వెతుక్కునేలా వరుసగా అమర్చారు. ఫొటో కంపెనీలు సైతం కడిగే పద్ధతులు నేర్పి తోడ్పడ్డాయి. తల దాచుకునే చోటు కూడా లేనివారు తమ పిల్లల ఫొటో కోసం ఆ గదుల్లో గంటల తరబడి వెతికారు. గోదావరి, కృష్ణ, మూసీ వరదలు ఎరిగిన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు కథ కాదు. తడిసిన ఆల్బమును ఎండలో పెట్టడంకన్నా, వెంటనే విడదీసి మంచినీటితో కడిగి నీడన ఆరబెట్టడం మంచిదన్న సంగతి తెలిసి ఉంటే పోయేవాటిలో కొన్నైనా దక్కుతాయి.

వరద రాకపోయినా ఫొటోలు పాడవుతాయి. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది కాబట్టి సరిగా కడిగిన ప్రింటు నూరేళ్లు దాటినా నిలుస్తుంది. రంగుల ఫొటోలో ఉండేవి రసాయనిక రంగులు. 1970లలో, 1980ల తొలినాళ్లలో వేసిన ప్రింట్లు చీకటి పెట్టెలో ఉన్నా ఎరుపు తిరగడానికి కారణం, వాటిలోని నీలి ఛాయ తక్కిన రంగులకన్నా ముందుగా వెలిసిపోవడమే. ఆ కాలంలోనే వచ్చిన జిగురు పేజీల ఆల్బములు, అంటే ఫొటో అంటించి పైన ప్లాస్టిక్ కాగితం కప్పేవి, చూడటానికి సౌకర్యమే గాని ఆ జిగురు ఫొటోకు చెరుపు చేస్తుంది. దేవుడి గదిలో కుంకుమా నూనె పొగా తగిలే పటాల్లో అసలు ఫొటో కాకుండా నకలు పెట్టి, అసలును పొడిగా ఉండే చోట కవరులో దాచడం మేలు. ఫోనులో ఉన్నవాటికి ఎరుపు తిరగడమన్నది లేదు, కాని ఫోను పోతే అన్నీ ఒక్కసారిగా పోతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గి వెళుతుంది కాబట్టి, దాన్ని తర్వాత పెద్దది చేయిస్తే ముఖం చెదురుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. గూగుల్ ఖాతాను రెండేళ్లపాటు ఎవరూ తెరవకపోతే దాన్ని తొలగించే నిబంధన 2023 డిసెంబరు నుంచి అమలవుతోంది. తండ్రి పోయాక ఆయన పాస్‌వర్డు ఎవరికీ తెలియక, ఆయన తీసిన ఫొటోలన్నీ అలా మాసిపోయే అవకాశం ఉంది. ఖాతాదారు తర్వాత ఖాతా ఎవరికి అందాలో ముందే పేరు రాసిపెట్టే ఏర్పాటు గూగుల్‌లోనూ ఆపిల్‌లోనూ ఉంది గాని, బ్యాంకులో నామినీ రాసేవారు కూడా దీన్ని పట్టించుకోరు. ఏడాదికి ఓ యాభై ఫొటోలైనా ఎంచి ప్రింట్లు వేయించుకున్న ఇల్లు, వేల ఫొటోలు ఫోనులో ఉంచుకున్న ఇంటికన్నా భద్రంగా ఉందనడం అతిశయోక్తి కాదు.

మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దలతో పాత ఫొటోలు చూపిస్తూ మాట్లాడించే పద్ధతి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. దాని ఫలితాలను 2018లో సమీక్షించిన నిపుణులు, ప్రయోజనం కనిపిస్తున్నా అది అన్నిచోట్లా ఒకేలా లేదనీ, తరచు స్వల్పమేననీ తేల్చారు కాబట్టి దాన్ని వైద్యంగా భావించి ఆశపడటం సరికాదు. అయినా జబ్బు లేని పెద్దల ముందు ఆల్బము పెట్టి కూర్చోవడం వల్ల కలిగే లాభం మాత్రం సందేహానికి అతీతమైనది: ఆ ఫొటోల్లోని సగంమంది పేర్లు చెప్పగలిగేది వాళ్లొక్కరే. ఒక్కో ఫొటో చూపిస్తూ వాళ్లు చెప్పేది ఫోనులో రికార్డు చేసుకుంటే గొంతూ దక్కుతుంది, సంగతీ దక్కుతుంది.

పేర్లు రాయడంలోనూ ఒక పద్ధతి ఉంది. పాత ఫొటోల వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీత పడుతుంది, సిరా అయితే ఊరుతుంది, కాబట్టి మెత్తని పెన్సిలు వాడాలి. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త ప్రింట్ల మీద పెన్సిలు సరిగా పడదు గనక విడిగా కవరు మీద రాయాలి. ఎడమ నుంచి కుడికి నిలబడ్డ వరుస, ఊరు, సుమారుగా ఏ సంవత్సరం, ఏ సందర్భం, తీసిందెవరు అన్నవి రాస్తే చాలు. ఎవరో తెలియని ముఖం దగ్గర ప్రశ్నార్థకం పెట్టి బంధువుల గ్రూపులో పంపితే ఎక్కడో ఒక మేనమామ గుర్తుపట్టవచ్చు. చాలా ఆల్బముల్లో కనిపించే పొరపాటు ఒకటుంది: ఫొటో కింద 'అమ్మమ్మ' అనో 'పెద్దత్తయ్య' అనో రాసి వదిలేయడం. రాసినవారి పిల్లలకు ఆమె అమ్మమ్మ కాదు, ముత్తవ్వ. వారి పిల్లలకు ఆ మాట ఎవరిని ఉద్దేశించి రాశారో కూడా తెలియదు. అందుకని ఆమె అసలు పేరు, ముద్దుపేరు, అత్తింటి ఇంటిపేరుతోపాటు పెళ్లయ్యాక ఎక్కడా రాయకుండా పోయే పుట్టింటి ఇంటిపేరు, ఆ పుట్టిల్లు ఉన్న ఊరు కూడా రాయాలి.